అలకలపై అలుక

ప్రబంధములు పాఠము చెప్పువారు ఏడాదికి పదిసార్లైనను నాయిక కురుల యొద్ద ఆగక తప్పదు. కురులు, కుంతలములు, నెరులు, అలకలు, ముంగురులు, వేనలి, కొప్పు, క్రొమ్ముడి, కీల్గంటు - వీని కన్నిటికిని ఎదుట 'వెండ్రుకలు' అని యొక్క మాట వ్రాసికొని విద్యార్థులు పుస్తకము మూయుదురు. పరీక్షకు అది చాలును. కాని మన పూర్వులు ఇన్ని మాటలను ఊరక కూర్చుకొనలేదు. కొప్పు, క్రొమ్ముడి, కీల్గంటు ముడుచుటకు సంబంధించిన మాటలు. వేనలి యనగానే పొడవును, ఒత్తును కన్నులకు కట్టును. అలకలు అనగా నుదుటిమీదను చెక్కిళ్ల మీదను వంకులు తిరిగి నిలుచు కురులు. అమరసింహుడు వానికి చూర్ణకుంతలములని అర్థము చెప్పినాడు. కుబేరుని పట్టణమునకు అలక యను పేరుండుట కాళిదాసునకు ఎంత కలిసివచ్చినదో మేఘసందేశము చదివిన వారెరుగుదురు. ఎత్తైన మేడలపై మబ్బులను మోయు ఆ నగరమును, ముత్యాల వలతో అలకలను కూర్చుకొన్న కామినితో ఆయన పోల్చినాడు.

వ్యాసుని మాట ఇంకను ముచ్చటైనది. ఉద్యోగపర్వములో రాయబారమునకు బయలుదేరుచున్న కృష్ణునికి ద్రౌపది తన కేశపాశమును ఎత్తి చూపును. అంతటి రోషఘట్టములోను ఆ మహర్షి ఆ కురులు మెత్తనివి, నల్లనివి, పరిమళించునవి యని చెప్పి ఊరకుండలేదు. కొనలు వంపులు తిరిగినవని కూడ చెప్పినాడు. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుని శిరస్సుపై నత్తగుల్లలవలె చుట్టుకొన్న చిన్నిచిన్ని ఉంగరములను ఓపికగా చెక్కిరి. వక్రతయే కావ్యమునకు ప్రాణమని గ్రంథము వ్రాసిన ఆలంకారికుని పేరు కుంతకుడు. కుంతలమునకును కుంతకునకును వ్యాకరణ సంబంధము ఏమియు లేకపోవచ్చును గాని, తరగతిలో ఈ మాట చెప్పినప్పుడెల్ల నాకు లోలోపల నవ్వు వచ్చుచుండును.

ఇంత చదివి, ముప్పది యేండ్లు ఇదే చెప్పి, నేను చేసిన పని యొకటి కలదు. దానిని చెప్పక ముందునకు పోలేను.

నాలుగేండ్ల క్రిందటి మాట. ఇంటర్మీడియటు మొదటి సంవత్సరపు తరగతిలో ఒక బాలిక ముందు వరుసలో కూర్చుండి యుండెను. జడ వేసికొన్నను తలచుట్టు వెండ్రుకలు పొగమంచువలె లేచి నిలిచినవి. నేను పుస్తకము తెరచుచునే, "ఏమమ్మా, తల దువ్వుకొని రావడానికి కూడా తీరిక లేదా?" అంటిని. తరగతి నవ్వెను. ఆ బాలిక తల వంచుకొని, "దువ్వుకునే వచ్చాను మేడమ్, దువ్వితేనే ఇలా అవుతుంది" అని మెల్లగా అనెను. ఎదురుమాట యనుకొని నేను పాఠములోనికి పోతిని. నాటి పాఠమేమో చెప్పుటకు సిగ్గగుచున్నది. అది నాయిక ముంగురుల వర్ణన. తుమ్మెదల బారును, నీలిమేఘమును, నదిలోని చిరుతరగలను బల్లపై వరుసగా వ్రాసి, ఉపమాలంకారమునకు లక్షణము చెప్పితిని. ఉపమేయము ఎదుట కూర్చుండి కన్నీరు తుడుచుకొనుచుండెను.

మరుసటి వారము ఆమె తిన్నని జుట్టుతో వచ్చెను. చెవి వెనుక ఎఱ్ఱని మచ్చ కనబడెను. దగ్గరకు పిలిచి అడుగగా, దిండుమీద జుట్టు పరచుకొని పైన వార్తాపత్రిక కప్పి అక్కచేత ఇస్త్రీపెట్టె నడిపించుకొంటినని చెప్పెను. పాఠశాలలో చదువుకొన్న పదేండ్లును 'సేమియా', 'నూడిల్స్' అని తోడిపిల్లలును, 'చింపిరితల' యని కొందరు టీచర్లును పిలుచుచుండగా విని యోర్చుకొన్నదట. కాలేజీలోనైనను ఆ పేరు వదలుననుకొన్నదట. వదలకుండ చేసినది నేను.

ఆనాటినుండి ఆమె చెప్పిన 'దువ్వితేనే ఇలా అవుతుంది' అను మాట నన్ను వెంటాడినది. అది ఎదురుమాట కాదు, భౌతికశాస్త్ర సత్యము. దానిని తెలిసికొనుటకు నాకు తెలుగు సాహిత్యము చాలలేదు. మా కాలేజీలోని రసాయనశాస్త్రపు మాస్టారిని ఆశ్రయించవలసి వచ్చినది.

వెండ్రుక చూపునకు దారమువలె ఉండును గాని దాని కట్టుబడి పెంకుటింటి కప్పును పోలినది. పలుచని పొలుసులు కుదురునుండి కొనవైపునకు ఒకదానిపై నొకటి ఎక్కి యుండును. లోపల కెరాటిన్ అను మాంసకృత్తు పోగులు. 1930 ప్రాంతములందు ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయములో ఆస్ట్‌బరీ యను శాస్త్రజ్ఞుడు తడిపిన ఉన్నిని, వెండ్రుకలను సాగదీసి ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి, లోపలి అణువుల అమరిక మారుచున్నదని కనుగొనెను. 1951లో లైనస్ పౌలింగ్ తన తోడివారితో కలిసి ఆ అణువులు మెట్లచుట్టవలె తిరిగి యుండునని నిరూపించెను. ఈ చుట్టలను, పోగులను పట్టియుంచు బంధములు రెండు రకములు మనకు ముఖ్యము. గంధకపు బంధములు గట్టివి, నీటికి లొంగవు. కుదురు యొక్క ఆకారమును, ఈ బంధముల అమరికను బట్టియే ఒకరి వెండ్రుక తిన్నగాను, ఒకరిది అలలుగాను, ఒకరిది ఉంగరములుగాను పెరుగును. రెండవవి హైడ్రోజన్ బంధములు. ఇవి సుకుమారమైనవి, లెక్కకు మిక్కిలి. నీరు తగులగానే విడిపోవును. ఆరగానే మరల ముడిపడును. ముడిపడు సమయమునకు వెండ్రుక ఏ భంగిమలో నున్నదో, మరల తడియువరకు ఆ భంగిమనే చాలవరకు నిలుపుకొనును.

రహస్యమంతయు ఇక్కడనే యున్నది. తలంటుకొన్న తరువాత ఆరునంతవరకు గల ఆ గంట, రెండు గంటలే అలల జుట్టునకు ముహూర్తము. ఆ సమయమున దానిని దాని మానాన వదలినచో పుట్టుకతో వచ్చిన వంపులోనే నిలుచును. తుండుగుడ్డతో రుద్దినను, విదిలించినను, చేతులతో మాటిమాటికి చెదరగొట్టినను ఒక్కొక్క వెండ్రుక ఒక్కొక్క దారిన ఆరిపోవును. ఆరిన తరువాత దువ్వినచో కలిసి సాగుచున్న అల పోగుపోగుగా విడిపోవును. తిన్నని జుట్టును దువ్విన కొలది నునుపెక్కును; అలల జుట్టును ఆరినపిదప దువ్విన కొలది లేచి నిలుచును. ఆ బాలిక ఉదయము ఎంత శ్రద్ధగా దువ్వుకొని వచ్చినదో, నాకు అంత చింపిరిగా కనబడినది!

తడిసిన వెండ్రుకను గురించి ఇంకొక మాట. అది తన బరువులో ఇంచుమించు మూడవవంతు నీటిని పీల్చుకొనగలదు. అప్పుడు పొడవు ఏ కొంచెమో పెరుగును గాని లావు నూటికి పదునాలుగు, పదునైదు వంతుల వరకు ఉబ్బును. ఉబ్బినప్పుడు పై పొలుసులు లేచును; వెండ్రుక మెత్తబడి సాగును; బలము తగ్గును. అట్టి స్థితిలో మనము చేయు పని యేమి? తుండుగుడ్డను మెలిపెట్టి టపటప కొట్టుదుము. వీధి చివరకు వినబడునట్లు కొట్టుటయే శుభ్రతకు గుర్తని మా పెదతల్లిగారి నమ్మకము. ఆమె జుట్టు తిన్ననిది, ఉక్కుతీగవంటిది, తట్టుకొన్నది. అందరిదియు తట్టుకొనవలెనని లేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. రాలిన వెండ్రుక నొకదానిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఉంచి, పొడవునకు సమాంతరముగా వ్రేళ్లను ముందునకు వెనుకకు ఆడింపుడు. అది రెండువైపులకు కదలక ఒకే వైపునకు, కుదురున్న వైపునకు, ప్రాకిపోవును. పొలుసుల వాలే దానికి కారణము. వెండ్రుకను త్రిప్పి పట్టినచో ఎదురుదిక్కునకు ప్రాకును. ఉన్నిబట్టను వేడినీటిలో రుద్ది ఉతికినచో ముద్దకట్టుటకును, తడితలను గుడ్డతో రుద్దినచో చిక్కుపడుటకును ఇదియే మూలము. నైపుణ్యమున్న పిల్లలు వెండ్రుకతో తేమ కొలుచు యంత్రము కూడ చేయగలరు. 1783లో జెనీవాకు చెందిన సొస్యూర్ దీనిని గురించి గ్రంథమే ప్రకటించినాడు. గాలిలో తేమ పెరిగిన కొలది జిడ్డు తీసిన వెండ్రుక సాగును, తగ్గిన కొలది కుంచించుకొనును. దానికి తేలికైన ముల్లు కట్టినచో ముల్లు కదలును. అనంతపురమున అణగియుండు జుట్టు కాకినాడకు పోగానే ఎందుకు లేచి నిలుచునో ఆ ముల్లే చెప్పును. సముద్రపుగాలికి లేచిన జుట్టును చూచి క్రమశిక్షణ లేదనుట, వర్షమాపకమును చూచి వానను తిట్టినట్లుండును.

ఇక ఆరబెట్టుకొను విధము. అలల జుట్టు గలవారికి చిక్కు తీయవలసినది తల తడిగా, జారుడుగా ఉన్నప్పుడే, నీరు పూర్తిగా ఓడకముందే. మందారాకు రుబ్బి పెట్టుకొన్నవారికి ఆ జిగురే జారుడు నిచ్చును. కొన్న కండిషనరైనను అదే పని చేయును. వ్రేళ్లతో గాని, పెద్దపళ్ల దువ్వెనతో గాని కొనలనుండి మొదలుపెట్టి పైకి రావలెను. ఈరుపేనిని దగ్గరకు రానీయరాదు. పిమ్మట తలను ఒకప్రక్కకు వంచి, కొనలను అరచేతిలోనికి తీసికొని, పాత నూలుపంచెతో గాని, ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీర ముక్కతో గాని పైకి అదిమి పిడిచిపెట్టవలెను. రుద్దరాదు, మెలిపెట్టరాదు. అరచేతిలో అదిమినప్పుడు అలలు తమంతట తామే దగ్గరకు చేరును. క్రొత్త టర్కీతువ్వాలు నీటిని బాగుగనే పీల్చును గాని దాని ఉంగరపు పోగులు వెండ్రుకలను పట్టి లాగును. పిదప గాలి తగులుచోట కూర్చుండి ఏదైన పుస్తకము చదువుకొనుట ఉత్తమము. చేయి తలమీదికి పోకుండుటకు పుస్తకమంత మంచి ఉపాయము లేదు. పూర్తిగా ఆరిన తరువాత రెండు చుక్కల నూనె అరచేతులకు రాసికొని పైపైన నిమిరినచో చాలును.

మా అమ్మ ఈ శాస్త్రమేమియు చదువలేదు. శుక్రవారము కుంకుడుకాయల రసముతో నాకు తలంటి, కుంపటిలో నాలుగు నిప్పులు వేసి, వానిపై సాంబ్రాణి చల్లి, వెదురుగంపను బోర్లించి, దానిమీద నా జుట్టును పరచెడిది. వేడి గంపకంతుల గుండ ముక్కలు ముక్కలుగా వచ్చి జుట్టు అడుగునుండి తగులును. ఒక్కచోట ఒడిసిపట్టి కాల్చదు, వెండ్రుకలను చెదరగొట్టదు, గంప గుండ్రమే వానికి ఆనిక. ఇప్పుడు అలల జుట్టువారి కొరకు హెయిర్ డ్రయ్యరు మూతికి తగిలించుకొను చిల్లుల గిన్నె యొకటి అమ్ముచున్నారు. దానిని డిఫ్యూజరు అందురు. గాలిని చెదరగొట్టి, వేగము తగ్గించి, అలలను గిన్నెలో కూర్చుండబెట్టి ఆరబెట్టుట దాని పని. దానిని మొదట చూచినప్పుడు, ఇది మా అమ్మ గంపయే గదా యని యనుకొంటిని. ఉజ్జయినిలో గవాక్షములనుండి వెలువడు కేశధూపము మేఘమును పుష్టిపరచునని కాళిదాసు వ్రాసిన చోట వ్యాఖ్యాతలు పరిమళమును గురించియే చెప్పుదురు. నాకు మాత్రము ఆ కిటికీల వెనుక తడితలలు ఆరుచుండుట కనబడుచుండును. పొగను మాత్రము నేను సమర్థింపను. మూసిన గదిలో పొగ పీల్చుట ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉబ్బసము గల పిల్లల దగ్గర అసలే కూడదు. గంపలోని నేర్పు పొగలో లేదు, దూరములోను చిల్లులలోను ఉన్నది.

యంత్రములన్నియు చెడ్డవి, ఎండగాలియే మంచిదని నేను తీర్పు చెప్పుదుననుకొనువారు నిరాశ చెందుదురు. 2011లో కొరియా దేశపు వైద్యులు ఒక పరిశోధన ప్రకటించిరి. కొన్ని జుట్టుపాయలను మామూలు గాలికి ఆరనిచ్చి, కొన్నింటిని హెయిర్ డ్రయ్యరుతో వేరువేరు దూరములనుండి ఆరబెట్టి పోల్చి చూచిరి. 5 సెంటీమీటర్ల దూరమున వేడి 95 డిగ్రీలు. 10 సెంటీమీటర్లకు 61. 15 సెంటీమీటర్లకు 47. వేడి పెరిగిన కొలది పై పొలుసులు దెబ్బతినినవి. ఇది ఊహించినదే. ఊహించనిది మరియొకటి: చాలసేపు తడిగా ఉండి తనంతట ఆరిన జుట్టులో, కణములను అతికి ఉంచు లోపలిపొర దెబ్బతిన్నది. అందుచేత 15 సెంటీమీటర్ల దూరమున పట్టి, ఒకచోట నిలుపక కదల్చుచు ఆరబెట్టుట మేలని వారు నిర్ణయించిరి. అనగా జానెడుకు కొంచెము తక్కువ దూరము, గోరువెచ్చని గాలి. మా అమ్మ గంపకును నిప్పునకును నడుమ ఉంచిన ఎడము అంతకంటె తక్కువ కాదు.

కావున నెమ్మదిగా ఆరబెట్టుట యనగా రోజంతయు తడిగా ఉంచుట కాదు. మన పాఠశాలలు ఆడపిల్లలచేత చేయించుచున్నది సరిగా అదియే. ఉదయము ఆరుగంటలకు తలస్నానము, ఆరున్నరకు నూనె, ఏడింటికి రెండు బిగుతుజడలు, మడచి రిబ్బను, ఏడున్నరకు బస్సు. ఆ జడల నడుమ తడి సాయంకాలము వరకు ఆరదు. సాయంకాలము జడ విప్పగానే వచ్చు ముక్కవాసన తల్లులందరును ఎరిగినదే. తల దురద, చుండ్రు ఆ తరువాత వచ్చు చుట్టములు. బిగుతుజడ తడివెండ్రుకను కుదురువద్ద లాగునని చెప్పవలసిన పనియే లేదు. జుట్టు నీటుగా ఉండవలెనను నియమమును నేను తప్పుపట్టను. వందమంది పిల్లలున్న చోట పేలబాధను గూర్చి ఆలోచింపక తీరదు. ప్రయోగశాలలో విరబోసిన జుట్టు మంటకు అందును. కాని ముడిచి కట్టుట వేరు, నూనెతో అణచి తిన్నగా చేయుట వేరు. వదులుగా అల్లిన ఒక్క జడ కూడ జడయే. తలస్నానము సెలవునాటికి ముందు సాయంకాలము చేయించుడని తల్లులకు ఒక్కమాట చెప్పిన ప్రధానోపాధ్యాయురాలు తన పిల్లలకు ఎంతో మేలుచేసినదగును. నుదుటిపై నాలుగు ముంగురులు లేచినంత మాత్రమున నోటుపుస్తకములో ఎఱ్ఱసిరాతో ఫిర్యాదు వ్రాయుట ఎందులకు?

మన అభిమానమంతయు జడమీదనే యున్నదనుట నిజమే. కూచిపూడి భామాకలాపములో సత్యభామకు కిరీటముకంటె జడయే గుర్తు. ఆ జడను నేనును ప్రేమింతును. అయితే జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమేనన్న సామెతను పుట్టించిన జాతి, తిన్నని జుట్టు ఒక్కటియే జుట్టను నమ్మకమునకు ఎప్పుడు వచ్చినదో! నేడు పట్టణములలో వేలకు వేలు పోసి గంధకపు బంధములను రసాయనములతో త్రెంచి జుట్టును తిన్నగా చేయించుకొనుచున్నారు. అది పెద్దలైనవారి యిష్టము, నేను కాదనను. కాని నెలకు అరంగుళము చొప్పున కుదురునుండి వచ్చు క్రొత్తజుట్టు ఆ ఖర్చును లెక్కచేయక మరల అలలుగానే వచ్చును. పదునాలుగేండ్ల పిల్ల తన తలను తానే తప్పుగా భావించి ఇస్త్రీపెట్టె క్రింద పెట్టుకొనుట మాత్రము ఇష్టము క్రిందకు రాదు. ఎవరో ముందుగా నవ్వి యుందురు.

ఆ బాలికకు నేను క్షమాపణ చెప్పితిని. తరగతిలో అవమానించితిని గనుక తరగతిలోనే చెప్పితిని. అటుపిమ్మట ఈ సంగతులన్నియు తెలిసికొని ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఆమె చదివి, నా తలవైపు కొంతసేపు చూచి, "మేడమ్, మీదీ ఉంగరాల జుట్టేనా?" అని అడిగెను. ముప్పదియేండ్లుగా కొబ్బరినూనెతో అణచి బిగించి ముడుచుకొన్న జుట్టు నాది. ముడి బయట చెవివద్ద తప్పించుకొన్న రెండు పోగులే ఆమెకు సాక్ష్యమిచ్చినవి.

గడచిన వేసవిలో అటకమీదనుండి అమ్మ గంపను దించితిని. అడుగున రెండు బద్దలు విరిగి యుండెను. మేదరివీధికి తీసికొనిపోగా అక్కడి ముసలాయన దానిని అటునిటు త్రిప్పి చూచి, "కోళ్లకా అమ్మా?" అని యడిగెను.

"కాదు నాయనా, తలకు" అంటిని.

అతడు నా నెరసిన ముడివైపు ఒకసారి చూచి, మాటాడక బద్దను చీల్చుటకు కత్తి తీసెను.